మా ప్రశ్న ఎవరు అడుగుతారు: పదకొండు మంది శాసనసభ్యులకు ఒక ఓటరు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పదహారవ శాసనసభకు వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ తరఫున ఎన్నికైన గౌరవ సభ్యులు పదకొండు మందికి నమస్కారాలు.

పులివెందుల, బద్వేలు, రాజంపేట, పుంగనూరు, తంబళ్లపల్లె, మంత్రాలయం, ఆలూరు, దర్శి, యర్రగొండపాలెం, అరకు, పాడేరు. ఈ పదకొండు నియోజకవర్గాల్లో ఒకదానిలో నేను ఓటరును. ఏ నియోజకవర్గమో చెప్పకపోవడానికి కారణం ఉంది. ఏ ఒక్క సభ్యుడి మీదనో ఫిర్యాదు చేయాలని ఈ లేఖ రాయడం లేదు, మీరు పదకొండు మందీ శాసనసభ సమావేశాలకు వెళ్లకపోవడం గురించి రాస్తున్నాను. పల్లెటూరి బ్రాంచి పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. నాకు ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. 2024లో ఎవరికి ఓటు వేశానన్నది నా దగ్గరే ఉంటుంది, కానీ ఫలితం వచ్చిన నాటి నుంచి మాకు శాసనసభలో ఉన్న మనిషి ఒక్కరే, వారు మీలో ఒకరు.

బహిరంగంగా రాయడానికి ముందు మామూలుగానే రాశాను. మా ఊరి రక్షిత మంచినీటి పథకం మోటారు కాలిపోయి ఎనిమిది నెలలు దాటింది. ట్యాంకరు వచ్చే రోజున ఆడవాళ్లు తెల్లవారక ముందే బిందెలు వరుసలో పెట్టి, పేర్లు రాసిన రాళ్లు వాటి మీద ఉంచి, కూలికి పోయి వస్తారు. మండల కేంద్రంలో సోమవారం అర్జీల్లో మూడుసార్లు కాగితం ఇచ్చాను. మూడోసారి ఇచ్చిన పది రోజులకు నా ఫోనుకు ‘మీ అర్జీ పరిష్కరించడమైనది’ అని సందేశం వచ్చింది. ఆ సందేశం చూపించడానికి మా శాసనసభ్యుని కార్యాలయానికి వెళితే, అక్కడున్న కుర్రవాడు మర్యాదగానే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ‘సారు సభకే పోవడం లేదు కదా పెద్దాయనా, ఎవరినని అడుగుతారు?’ అన్నాడు. తరువాత రెండు ఉత్తరాలు రిజిస్టరు చేశాను. రెండింటి ఎక్‌నాలెడ్జ్‌మెంటు కార్డులూ సంతకంతో తిరిగి వచ్చాయి గానీ జవాబు రాలేదు. ఉత్తరం చేరిందో లేదో కార్డు చూసి చెప్పగలిగిన వృత్తిలో బతికినవాణ్ణి కనుక, చేరలేదని సరిపెట్టుకునే వీలు కూడా నాకు లేదు.

ఆ కుర్రవాడి మాటే నన్ను ఈ లేఖకు కూర్చోబెట్టింది. అతను అబద్ధం చెప్పలేదు. 2024 జూన్‌లో మీరు ప్రమాణ స్వీకారం చేశారు. ఆ జూలైలోనూ, 2025 ఫిబ్రవరి 24నాడూ గవర్నరు ప్రసంగం వేళ వచ్చి, నిరసన తెలిపి, కొద్ది నిమిషాల్లో బయటికి వెళ్లారు. 2024 నవంబరు బడ్జెట్ సమావేశాలకు, 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన బడ్జెట్ చర్చలకు, సెప్టెంబరు సమావేశాలకు మీరు లేరు.

ఎన్నికలు ఎలా జరిగాయో ఒకసారి గుర్తు చేయనివ్వండి. 2024 మే 13న రాష్ట్రంలో మూడు కోట్ల ముప్పయి మూడు లక్షల మందికి పైగా పోలింగు కేంద్రాలకు వచ్చి ఓటు వేశారు. ఉదయం ఏడింటికి మొదలైన పోలింగు చాలా నియోజకవర్గాల్లో సాయంత్రం ఆరింటికి ముగియవలసి ఉండగా, క్యూలో ఉన్నవాళ్లను పంపలేక కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటేదాకా కొనసాగించారు. మా బడిలో చివరి ఓటు రాత్రి తొమ్మిదిన్నరకు పడింది. బెంగళూరులో తాపీ పనికి పోయిన మా ఊరి కుటుంబాలు బస్సులో సీట్లు లేక నిలబడి వచ్చి, ఓటు వేసి, ఆ రాత్రే తిరుగు బస్సు ఎక్కాయి. రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువగా, 90.91 శాతం పోలింగు నమోదైన నియోజకవర్గం దర్శి. అంటే వందకు తొంభై మంది ఇల్లు కదిలి వచ్చి ఎన్నుకున్న సభ్యుని స్థానం కూడా ఈరోజు సభలో ఖాళీగా ఉన్న పదకొండింటిలో ఒకటి. ఈ ఒక్క సంగతి మీరు తీరికగా ఆలోచించాలని కోరుతున్నాను.

జూన్ 4న ఫలితాలు వచ్చాయి. 175 స్థానాల్లో తెలుగుదేశానికి 135, జనసేనకు 21, భారతీయ జనతా పార్టీకి 8, మీకు 11. మీ పార్టీకి వచ్చిన ఓట్లు మాత్రం 39.37 శాతం, కోటి ముప్పయి రెండు లక్షలకు పైమాటే. 2019లో తెలుగుదేశానికి దాదాపు ఇన్నే ఓట్లు, 39.17 శాతం వస్తే 23 స్థానాలు దక్కాయి. ఓట్లకూ సీట్లకూ పొంతన కుదరని ఈ లెక్కలో మీకు అన్యాయం జరిగిందని మీ కార్యకర్తలు బాధపడితే నేను తప్పు పట్టను. అయితే ఆ లెక్కకు ఇంకో అర్థం కూడా ఉంది. రాష్ట్రంలో ప్రతి పది మంది ఓటర్లలో దాదాపు నలుగురి గొంతు మీ పదకొండు మంది దగ్గరే ఉంది. ఒక్కొక్కరు పన్నెండు లక్షల మంది పక్షాన మాట్లాడవలసిన స్థితిలో ఉండి మౌనంగా ఉన్నారు. మిమ్మల్ని ఎన్నుకున్న నియోజకవర్గాలకే కాక, ఓడిన చోట్ల మీకు ఓటు వేసినవారికి కూడా శాసనసభలో ఉన్న ఆధారం మీరే.

సభకు రాకపోవడానికి మీరు చెబుతున్న కారణం ప్రతిపక్ష నాయకుని హోదా ఇవ్వకపోవడం, ఆ సంగతికి వస్తాను. మొత్తం సభ్యుల్లో పదో వంతు, అంటే 18 మంది లేరు కనుక గుర్తింపు ఇవ్వలేమని సభాపతి పక్షం. ఈ పదో వంతు నిబంధన చట్టంలో లేదని, 1953 నాటి జీతభత్యాల చట్టం ప్రకారం సంఖ్యాబలంలో పెద్దదైన ప్రతిపక్షానికి ఆ హోదా రావాలని, 1994లో 294 స్థానాల సభలో 26 మందే ఉన్న కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దన్ రెడ్డి గారిని ప్రతిపక్ష నాయకుడిగా గుర్తించారని మీ నాయకుడు, మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గారి పక్షం. హోదా లేకుంటే మాట్లాడడానికి తగిన సమయం దొరకదన్నది మీ భయం. అది తీసిపారేయదగ్గ భయమని నేను అనను. మీరు హైకోర్టుకు కూడా వెళ్లారు. పోరాడండి, అది మీ హక్కు.

మా ప్రశ్న వేరు. ఆ వ్యాజ్యం తేలేదాకా మా ఊరి కుళాయి ఎందుకు ఆగాలి? 2014లో 44 మంది, 2019లో 52 మంది ఉన్న కాంగ్రెస్‌కు లోక్‌సభలో ఆ హోదా రాలేదు. పదేళ్లపాటు హోదా లేకుండానే వారు సభలో కూర్చున్నారు, అడిగారు, అరిచారు, బయటికి వెళ్లిన రోజున మళ్లీ లోపలికి వచ్చారు. మన దగ్గరే చూడండి. సత్తెనపల్లి నుంచి స్వతంత్రుడిగా గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారికి వెనుక పార్టీయే లేదు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారికి, 2009లో కూకట్‌పల్లి నుంచి లోక్‌సత్తా తరఫున ఒక్కరే గెలిచిన జయప్రకాశ్ నారాయణ్ గారికి ఏ హోదా ఉంది? వాళ్లు సభలో ఉండడమే ప్రజలు గుర్తు పెట్టుకున్నారు. మీరు పదకొండు మంది. అంతకంటే ముఖ్యంగా, శాసనమండలికి మీ పార్టీ సభ్యులు రోజూ వెళుతున్నారు. అక్కడ బొత్స సత్యనారాయణ గారు ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు, మంత్రులు లేచి జవాబులు చెబుతున్నారు. ఒకే ఆవరణలో ఒక సభకు వెళ్లి ఇంకో సభకు వెళ్లకపోవడం మాలాంటి వాళ్లకు అర్థం కావడం లేదు.

సభను విడిచిపెట్టడం ఇప్పుడే మొదలు కాలేదని కూడా రాయాలి, లేకుంటే ఈ లేఖ ఏకపక్షమవుతుంది. 2017 నవంబరు నుంచి మీ పార్టీయే ఫిరాయింపుల మీద చర్య లేదన్న కారణంతో సభకు దూరమైంది. ఆ కారణం న్యాయమైనదే, కానీ ఫిరాయించినవాళ్లు సభలోనే ఉండిపోయారు, మీరు బయట ఉన్నారు. 2021 నవంబరు 19న అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు గారు, తన కుటుంబాన్ని అవమానించారన్న ఆవేదనతో, ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగుపెడతానని చెప్పి సభ నుంచి వెళ్లిపోయారు. ఆ రోజు తెల్లవారుజామునే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట కొట్టుకుపోయాయి. మనుషులు, పశువులు, ఇళ్లు, ఇసుక మేట వేసిన పొలాలు. ఆ కట్ట ఎందుకు తెగిందో నిలదీయవలసిన రోజున ప్రతిపక్ష నాయకుడు సభలో లేడు. ఇప్పుడు రాజంపేట సభ్యులు మీలో ఉన్నారు. ఆ ప్రాజెక్టు మాటేమిటని సభలో అడగవలసినవారూ లేరు. పార్టీలు తారుమారయ్యాయి, చెయ్యేటి ఒడ్డు వాళ్లకు మాత్రం రెండుసార్లూ ఒకే అనుభవం.

మీరు లేనందువల్ల సామాన్యులకు ఏం జరుగుతున్నదో వరుసగా రాస్తున్నాను.

1. ప్రశ్నోత్తరాల సమయం మాకు మూసుకుపోయింది. అధికారికి ఇచ్చిన అర్జీకి ‘పరిష్కరించడమైనది’ అని ఎవరైనా రాయవచ్చు. సభలో సభ్యుడు అడిగిన ప్రశ్నకు మంత్రి ఇచ్చే జవాబు రికార్డులో ఉంటుంది. తప్పు చెబితే రేపు పట్టుకోవచ్చు, అనుబంధ ప్రశ్న వేసి నిలదీయవచ్చు. ప్రశ్న జాబితాలోకి ఎక్కిందంటే చాలు, సచివాలయం నుంచి కలెక్టరుకు, అక్కడి నుంచి మండలానికి ఫోన్లు వెళ్లి, ఫైలు మీద దుమ్ము దులుపుతారు. మోటారు బాగు చేయడానికి ప్రభుత్వం మారనక్కరలేదు, చాలాసార్లు ఒక ప్రశ్న సరిపోతుంది. మీ విలేకరుల సమావేశాలు నేను చూస్తూనే ఉన్నాను. అక్కడ మీరు అడిగే ప్రశ్నలు మంచివే. కానీ వాటికి జవాబు చెప్పాలన్న నిర్బంధం ఏ మంత్రికీ లేదు.

2. ఈ పదకొండు నియోజకవర్గాలు సుఖంగా ఉన్న ప్రాంతాలు కావు. కోసిగి, ఆలూరు వైపు నుంచి ఏటా కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాలకు వలస పోతాయి. బడి రిజిస్టరులో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు సొరంగాలు యర్రగొండపాలెం నియోజకవర్గంలోని దోర్నాల దగ్గర బయటికి వస్తాయి. 2024 మార్చిలో మీ ప్రభుత్వమే వాటిని జాతికి అంకితం చేసింది, కానీ నీళ్లు పొలాలకు రాలేదు. సుంకేసుల లాంటి ముంపు ఊళ్ల జనం పునరావాసం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఇవి మీ హయాంలోనూ పూర్తి కాలేదు కదా అని మంత్రులు అంటారన్న సంకోచం మీకు ఉంటే, అది విని, అయినా అడగండి.

3. పదకొండింటిలో నాలుగు రిజర్వుడు స్థానాలు. బద్వేలు, యర్రగొండపాలెం ఎస్సీలకు, అరకు, పాడేరు ఎస్టీలకు. రాష్ట్రంలో గిరిజనులకు ఉన్నవి ఏడు స్థానాలే, వాటిలో రెండు ఖాళీగా ఉన్నాయి. గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దిగే దారులు పాడేరు మన్యంలో ఇంకా ఉన్నాయి. ఏజెన్సీలో ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసినప్పటి నుంచి అక్కడి యువత కొత్త చట్టం అడుగుతున్నది. చట్టం కోసం మాట్లాడవలసిన చోటు చట్టసభే. రిజర్వేషను ఇచ్చింది ఒక గొంతు కోసం. ఆ గొంతు సభకు వెళ్లకపోతే ఆ స్థానం రిజర్వు చేసిన ప్రయోజనం ఏ మేరకు నెరవేరినట్లు?

4. చట్టాలు ఎదురుమాట లేకుండా వస్తున్నాయి, పోతున్నాయి. 2024 ఎన్నికల్లో ప్రతి రచ్చబండ మీదా నలిగిన భూ హక్కుల చట్టాన్ని ఆ జూలైలో సభ రద్దు చేసింది. ఆ చట్టం తెచ్చింది మీరు. ఎందుకు తెచ్చారో, అందులో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పవలసినవారు ఆ చర్చలో లేరు. రద్దు సరైనదేనని నేను అనుకుంటున్నాను. అయినా రైతుకు తన భూమి కాగితాల గురించి రెండు పక్షాల వాదమూ వినే హక్కు ఉంది. ఎస్సీ వర్గీకరణ నివేదిక 2025 మార్చి 20న చర్చకు వచ్చిన రోజున కూడా అంతే.

5. డబ్బు లెక్క చూసేవారు లేరు. 2024 నవంబరులో 2.94 లక్షల కోట్లు, 2025 ఫిబ్రవరిలో 3.22 లక్షల కోట్ల బడ్జెట్లు వచ్చాయి. పద్దుల మీద, ఖర్చు తగ్గించమని అడిగే కోత తీర్మానం ఒక్కటైనా మీ నుంచి రాలేదు. ప్రతిపక్షానికి వదలడం ఆనవాయితీగా ఉన్న ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష స్థానం, ఎన్నికలో మీకు తగిన బలం లేక, మీరు బహిష్కరించగా, అధికార కూటమి సభ్యునికే వెళ్లింది. ఖర్చు చేసేవారు, ఖర్చు తనిఖీ చేసేవారు ఒకే పక్షమైతే నష్టపోయేది పన్ను కట్టే జనమే.

సభాపతికి, అధికార పక్షానికి కూడా ఈ లేఖ ద్వారా ఒక మాట. 2015లో ఢిల్లీ శాసనసభలో 70 మందికి ముగ్గురే ఉన్న భారతీయ జనతా పార్టీ నుంచి విజేందర్ గుప్తా గారిని ప్రతిపక్ష నాయకుడిగా గుర్తించారు. అప్పుడు ఆ సభ చిన్నబోలేదు. 164 మంది ఉన్న కూటమి 11 మందికి మాట్లాడే సమయం విషయంలో గట్టిగా పట్టుకోవలసిన అవసరం ఏమిటి? హోదా ఇవ్వడం కుదరదంటే, కనీసం బడ్జెట్ మీద, గవర్నరు ప్రసంగం మీద ప్రతిపక్షానికి ఇంత సమయమని ముందే ప్రకటించండి. సభ అనుమతి లేకుండా అరవై రోజులు సభకు రాకపోతే రాజ్యాంగం 190వ అధికరణం కింద స్థానం ఖాళీ అయినట్లు ప్రకటించవచ్చన్న హెచ్చరికలు విన్నాము. ఆ మార్గం వద్దు. ఉప ఎన్నిక అంటే మాకు మళ్లీ మూడు నెలల మైకులు, డబ్బు, గొడవలు. మాకు కావలసింది ఉన్న సభ్యుడు సభలో ఉండడం.

గౌరవ సభ్యులారా, మా కోరికలు ఇవి.

ఒకటి, హోదా వ్యాజ్యం కొనసాగిస్తూనే రాబోయే సమావేశాల మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా సభకు హాజరు కండి. నిరసనగా ఒక పూట బయటికి వెళ్లండి, మరుసటి పూట లోపల ఉండండి.

రెండు, ప్రతి సమావేశానికి ముందు మీ నియోజకవర్గం నుంచి ప్రశ్నలు తీసుకోండి. మండలానికి ఒక రోజు కేటాయిస్తే చాలు. ఏ ప్రశ్న ఇచ్చారో, ఏ జవాబు వచ్చిందో పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించండి.

మూడు, మాట్లాడనివ్వకపోతే, మైకు కట్ చేస్తే, ఆ సంగతి తేదీతో సహా మాకు చెప్పండి. అప్పుడు ఇలాంటి లేఖ ఇంకొకటి రాస్తాను, సభాపతి గారికి. మీరు వెళ్లి కాదనిపించుకుంటే మీ పక్షాన నిలబడడం మాకు సులువు. వెళ్లకుండా ఉంటే ఎలా నిలబడాలో మాకు తెలియడం లేదు.

నాలుగు, ఇవేవీ వీలు కాదనుకుంటే ఆ మాట కూడా బహిరంగంగా, రాతపూర్వకంగా, మీ ఓటర్లకు నేరుగా చెప్పండి. ఎదురుచూడాలా వద్దా అన్నదైనా తెలుస్తుంది.

మీ సౌకర్యం కోసం ఒక ప్రశ్న నేనే రాసి జతపరుస్తున్నాను. పదకొండు నియోజకవర్గాల్లో ఏ సభ్యులు ఇచ్చినా అది సరిపోతుంది.

‘గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి దయచేసి ఈ కింది విషయాలు తెలుపుతారా: (అ) ఈ నియోజకవర్గంలో మోటార్లు, పైపులైన్లు చెడిపోయి ఆరు నెలలకు పైగా నిలిచిపోయిన రక్షిత మంచినీటి పథకాలు ఎన్ని, అవి ఏ ఏ గ్రామాలలో ఉన్నవి, (ఆ) వాటిపై వచ్చిన అర్జీలలో పరిష్కరించినట్లు అర్జీదారులకు సమాచారం పంపినవి ఎన్ని, వాటిలో ప్రస్తుతం నీరు వస్తున్నవి ఎన్ని, (ఇ) మిగిలిన వాటికి మరమ్మతులు ఏ తేదీలోగా పూర్తి చేస్తారు?’

సభ్యుని సంతకం చోటు ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
మీ నియోజకవర్గ ఓటరు